ఘాట్ రోడ్డు బ్రెవేలు: కొత్తగా సిద్ధమయ్యేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ బీచ్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం మొదలుపెట్టిన వాళ్లందరూ ఏదో ఒక రోజు అరకు పేరు ఎత్తుతారు. హైదరాబాద్ వాళ్లకి శ్రీశైలం, చిత్తూరు వైపు వాళ్లకి హార్స్‌లీ హిల్స్, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకి నంది కొండ. చదును రోడ్డు మీద 100 కి.మీ. హాయిగా తొక్కేవాళ్లు కూడా ఘాట్ దగ్గర తడబడతారు. అది కాళ్లలో బలం చాలక జరిగేది కాదని నా గట్టి నమ్మకం. లెక్క తెలియక, తొందరపడి, తప్పు గేరుతో వెళ్లి అలసిపోతారు. 200 నుంచి 600 కి.మీ. దాకా కొండదారుల బ్రెవేలకు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన పొడుగు సైకిల్ రైడ్‌లకు, సిద్ధమవుతున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

బ్రెవే అంటే రేసా?

రేసు కాదు. ఫస్టు, సెకండు ఉండవు. నిర్ణీత దూరాన్ని నిర్ణీత సమయంలోపు మీ అంతట మీరు పూర్తి చేయాలి, అంతే. నిబంధనలు ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్‌వి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనర్స్ ఆధ్వర్యంలో ఊరూరా ఉన్న క్లబ్బులు నడుపుతాయి. మనవాళ్లు ఈ బ్రెవేలను బీఆర్ఎం అని కూడా అంటారు. 200 కి.మీ.కి పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు, 400కి 27 గంటలు, 600కి 40 గంటలు. నవంబరు 1 నుంచి తర్వాతి అక్టోబరు 31 దాకా ఒక సీజన్. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తి చేస్తే సూపర్ రాండనర్ అవుతారు.

దారిలో కంట్రోళ్లు ఉంటాయి. అక్కడ కార్డు మీద ముద్ర, సమయం వేయించుకోవాలి. రెండు కంట్రోళ్ల మధ్య మీ వెనక కారు రాకూడదు, ఇంట్లోవాళ్లు స్కూటరు మీద టిఫిన్ తెచ్చి ఇవ్వకూడదు. కొట్టులో కొనుక్కోవచ్చు, తోటి రైడరు సాయం తీసుకోవచ్చు.

కొండలున్న రూటుకి అదనంగా సమయం ఇస్తారా?

మామూలు బీఆర్ఎంలలో ఇవ్వరు. చదును రోడ్డుకైనా, ఘాట్‌కైనా అదే పదమూడున్నర గంటలు. గంటకు 15 కి.మీ. సగటు అంటే ఏముందిలే అనుకుంటాం. ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

100 కి.మీ. దగ్గర కంట్రోల్ ఉందనుకుందాం. అది బయలుదేరిన 6 గంటల 40 నిమిషాలకు మూస్తారు. మొదట 55 కి.మీ. చదును, గంటకు 22 చొప్పున రెండున్నర గంటలు. తర్వాత 30 కి.మీ. ఘాట్, గంటకు 8 చొప్పున మూడు గంటల ముప్పావు. మిగిలిన 15 కి.మీ. ఎత్తుపల్లాల్లో 18 చొప్పున 50 నిమిషాలు. మొత్తం 7 గంటల 5 నిమిషాలు. ఎక్కడా ఆగకుండానే కంట్రోల్ గడువు దాటిపోయింది!

ఇప్పుడు ఆ సమయాన్ని ఎక్కడ సంపాదించాలి? కొత్తవాళ్లందరూ చదునులోనే సంపాదించబోతారు. 22ని 25కి పెంచితే మిగిలేది 18 నిమిషాలే. దానికోసం గాలికి ఎదురు పోరాడి, ఘాట్ మొదట్లోకే అలసిపోయి చేరతారు. అదే ఘాట్ మీద 8 బదులు 9 తొక్కితే 25 నిమిషాలు మిగులుతాయి. 10 తొక్కితే ముప్పావు గంట. అంటే చదునులో దాచుకున్న బలం ఘాట్ మీద వడ్డీతో సహా తిరిగొస్తుంది. ఇక టీ కోసం పావుగంట చొప్పున నాలుగుసార్లు ఆగితే అక్కడే గంట పోతుంది. నేను గమనించినంతలో ఎక్కువ మంది కట్-ఆఫ్ దాటేది ఆగిన చోటే. తిరుగుదారిలో దిగుడు ఉంటుంది కాబట్టి కొంత సమయం కలిసొస్తుంది, కానీ ముందు ఆ కంట్రోల్‌లో ముద్ర పడాలి కదా.

రోడ్డు మూసేయడం, ప్రమాదంలో ఉన్నవాళ్లకి సాయం చేయడానికి ఆగడం లాంటి అనుకోని కారణాలుంటే ఆలస్యాన్ని నిర్వాహకులు మన్నించవచ్చు. అలసట, సరైన ప్లాన్ లేకపోవడం ఆ కోవలోకి రావు.

ఏ సైకిల్ కావాలి? గేర్లు ఎలా ఉండాలి?

రోడ్ బైకే ఉండాలని లేదు. హైబ్రిడ్‌తో (రోడ్ బైక్, మౌంటెన్ బైక్‌ల మధ్యరకం) నిదానంగా పూర్తి చేసినవాళ్లు బోలెడుమంది. సైకిల్ బరువులో ఒక కిలో తగ్గించడానికి వేలకు వేలు పోసే ముందు మీ గేర్లు చూసుకోండి.

75 కిలోల మనిషి, సైకిల్, నీళ్ల సీసాలు, సంచీ కలిపి ఇంకో 12 కిలోలు అనుకుందాం. 6 శాతం వాలులో గంటకు 8 కి.మీ. వేగంతో ఎక్కాలంటే సుమారు 130 వాట్ల శక్తి కావాలి. చాలామంది ఆరోగ్యవంతులు సాధన చేస్తే గంటల తరబడి ఇవ్వగలిగినది ఇది. అదే 12 కి.మీ. వేగమైతే 195 వాట్ల దాకా కావాలి. నాలాంటి మామూలు రైడరు ఆ స్థాయిలో కొద్దిసేపే నిలబడగలడు.

సమస్యేమిటంటే, నెమ్మదిగా వెళ్లాలన్నా గేరు ఒప్పుకోవాలి. ముందు పెడల్ దగ్గరి గేరు చక్రానికి 34 పళ్లు, వెనక గేరు చక్రానికి 25 పళ్లు ఉంటే గంటకు 8 కి.మీ. దగ్గర పెడల్ నిమిషానికి 47 సార్లే తిరుగుతుంది. ప్రతి తొక్కుకీ మోకాలు మూలుగుతుంది. వెనక 32 పళ్లుంటే అదే వేగానికి 60 సార్లు. పెడల్ దగ్గర మూడు గేరు చక్రాలున్న హైబ్రిడ్‌లో 28 పళ్ల చిన్న చక్రం, వెనక 34 ఉంటే 77 సార్లు తిరుగుతుంది. కండరానికి ఇది ఎంత సుఖమో ఒక్కసారి తొక్కి చూస్తే తెలుస్తుంది.

నా మొదటి ఘాట్ రైడ్‌కి కొట్టువాళ్ల మాట విని తేలికైన 11-25 క్యాసెట్ (వెనక గేరు చక్రాల కట్ట, 11 నుంచి 25 పళ్ల దాకా) వేయించుకున్నాను. అరకు దారిలోని అనంతగిరి చేరకముందే రెండు మోకాళ్లూ పట్టేశాయి. తర్వాత మూడు వారాలు మెట్లు దిగడం కూడా కష్టమైంది. అందుకే ఎవరు అడిగినా ఇదే చెబుతాను: మీకు అవసరం అనిపించిన దానికంటే ఒక గేరు తేలికగా పెట్టించుకోండి. క్యాసెట్ మార్చే ముందు గొలుసుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే మీ వెనక డిరైలర్ ఎన్ని పళ్ల దాకా మోయగలదో అడిగి తెలుసుకోండి. గొలుసు పొడవు కూడా మార్చాల్సి రావచ్చు.

టైర్లు 28 మి.మీ. లేదా అంతకంటే వెడల్పువి వేసుకోండి. మన రోడ్లకి 23 సరిపోదు.

మా ఊళ్లో కొండే లేదు. ఎలా సాధన చేయాలి?

భీమవరం, అమలాపురం, తెనాలి నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. డెల్టాలో కాలువ గట్టే ఎత్తు. అయినా మీకొక గురువు ఉన్నాడు, ఎదురుగాలి. ఘాట్ లాగే అదీ మధ్యలో విశ్రాంతి ఇవ్వదు. మిట్టపల్లాల రోడ్డు మీద దిగేటప్పుడు పెడల్ ఆపేసి ఊపిరి తీసుకుంటాం. ఘాట్ మీద రెండు మూడు గంటలు ఆ వీలే ఉండదు. కాబట్టి కాళ్లకి నేర్పాల్సింది ఆగకుండా తొక్కడం.

వారంలో ఒక రోజు ఎదురుగాలి వేళ చూసుకుని ఇరవై నిమిషాల పాటు ఒకే ఒత్తిడితో తొక్కండి. ఐదు నిమిషాలు తేలిక. మళ్లీ ఇరవై. మొదట్లో రెండుసార్లు, నెల తిరిగేసరికి మూడుసార్లు. ఒత్తిడి ఎంత ఉండాలంటే చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇంట్లో సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే ట్రైనర్ స్టాండ్ ఉన్నవాళ్లు ముందు చక్రం కింద రెండు ఇటుకలు పెట్టి తొక్కితే కొండ మీద కూర్చునే భంగిమ నడుముకి అలవాటవుతుంది. ఫ్లైఓవర్ మీద అటూ ఇటూ పదిసార్లు తిరగడం పనికొస్తుంది, కానీ అది నిమిషంలో అయిపోయే ఎత్తు. దాన్నే నమ్ముకోకండి.

వీలైతే రైడ్‌కి ముందు రెండుసార్లైనా అసలు కొండకు వెళ్లండి. విశాఖ వాళ్లకి సింహాచలం కొండ ఉంది. సుమారు 800 అడుగుల ఎత్తు. గేటు సమయాలు కనుక్కుని తెల్లవారుజామునే వెళ్లి రెండు మూడుసార్లు ఎక్కి దిగితే మంచి సాధన. హైదరాబాద్ వాళ్లకి వికారాబాద్ అనంతగిరి. అరకు దారిలో ఉన్న అనంతగిరి వేరు, ఇది వేరు. పేరు చూసి ఒకటే అనుకునేవాళ్లున్నారు.

ఎన్ని వారాల ముందు మొదలుపెట్టాలి?

ఇప్పటికే వారానికి 80, 100 కి.మీ. తొక్కుతుంటే కొండల 200కి పన్నెండు వారాలు చాలు. వారానికి నాలుగు రోజులు. రెండు రోజులు గంటన్నర లోపు తేలికగా, ఒక రోజు పైన చెప్పిన ఇరవై నిమిషాల సాధన, ఆదివారం పొడుగు రైడ్. పొడుగు రైడ్ 50తో మొదలుపెట్టి 130, 140 దాకా తీసుకెళ్లండి. ముందుగానే 200 తొక్కి చూడాల్సిన పని లేదు. ప్రతి నాలుగో వారం తగ్గించండి, బలం వచ్చేది ఆ విశ్రాంతిలోనే. చివరి పది రోజులు సగానికి సగం తగ్గించండి. ఈ పది రోజుల్లో భయపడి ఎక్కువ తొక్కేసి, రైడ్ రోజున నీరసంగా వచ్చేవాళ్లని ప్రతి సీజన్‌లో చూస్తున్నాను.

400, 600కి వెళ్లేవాళ్లు నెలకోసారి శని, ఆదివారాలు వరసగా తొక్కండి. నొప్పులున్న కాళ్లతో రెండో రోజు సీటు ఎక్కడం అలవాటు కావాలి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరుకి చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

అరకు ఘాట్ ఎలా ఉంటుంది? ఎక్కేటప్పుడు ఏం గుర్తుంచుకోవాలి?

విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా దారి. అరకు దాదాపు 115 కి.మీ. ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గరికొచ్చేసరికి ఎదురుగా తూర్పు కనుమలు గోడలా లేస్తాయి. అక్కడి నుంచి అనంతగిరి, ఆ పైన కాఫీ తోటల మధ్య గాలికొండ, సుంకరిమెట్ట. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది కదా, అంతే ఎక్కాలి అనుకుని వెళ్లేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. రోడ్డు ముందు అరకు కంటే ఎత్తుకి ఎక్కి, తర్వాత లోయలోకి దిగుతుంది. తిరుగుదారిలో ఆ దిగినదంతా మళ్లీ ఎక్కాలి. ఎండ నడినెత్తి మీదున్నప్పుడు ఎదురయ్యే ఆ ఎక్కడానికి ఒక సీసా నీళ్లు, కాస్త బెల్లం అట్టేపెట్టుకోండి.

ఘాట్ మొదటి రెండు కిలోమీటర్లూ మీకు చాలా నెమ్మది అనిపించాలి. పక్కవాళ్లు దాటిపోతారు, పోనివ్వండి. వాళ్లలో సగం మంది అనంతగిరిలో మెట్ల మీద కూర్చుని కనిపిస్తారు. కూర్చునే తొక్కండి. పది నిమిషాలకోసారి అర నిమిషం లేచి నిలబడితే నడుము, తొడలు సేదదీరతాయి. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకండి, భుజాలు వదులుగా ఉంచండి. హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది. మీ లేన్‌లోనే ఉంటూ వీలైనంత బయటివైపు నుంచి తిరగండి. మలుపు రాకముందే గేరు తగ్గించండి. బలంగా తొక్కుతూ మారిస్తే గొలుసు తెగే ప్రమాదం ఉంది.

శిఖరం ఎంత దూరం ఉందో చూస్తూ తొక్కితే ఘాట్ తరగదు. నేను మైలురాయి నుంచి మైలురాయికే లెక్కపెట్టుకుంటాను.

దిగి నడిపించుకుంటూ వెళ్తే తప్పా?

తప్పు కాదు, నిబంధనలూ ఒప్పుకుంటాయి. గంటకు 5 కి.మీ. కంటే తక్కువ వేగంతో ఊగుతూ తొక్కేకన్నా ఐదు నిమిషాలు నడవడం మంచిది. తొడలకు విశ్రాంతి, అరికాళ్లకు రక్తప్రసరణ. నడవడానికి వీలున్న బూట్లు వేసుకోండి.

ఏం తినాలి?

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. పన్నెండు, పదమూడు గంటల రైడ్‌కి లెక్కేస్తే 360 నుంచి 780 గ్రాముల దాకా. ఆకలి వేసినప్పుడు తిందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం. ఒక్కసారిగా కళ్లు తిరిగి, కాళ్లలోంచి ప్రాణం పోయినట్టవుతుంది.

విదేశీ జెల్ పొట్లాలు లేకుండానే నడిపించవచ్చు. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములు. పిడికెడు పులిహోర ఉండలు నాలుగు చేసి అరిటాకులో చుట్టి జేబులో వేసుకుంటే రెండు గంటలు గడుస్తాయి. ఖర్జూరం, బెల్లం ముక్క, పల్లీ పట్టీ మంచివే. పల్లీలో నూనె ఎక్కువ కాబట్టి పట్టీని చదునులో తినండి, ఘాట్ మీద కాదు. అరగడానికి రక్తం పొట్టకు పోవాలి, అదే సమయంలో కాళ్లూ అడుగుతాయి. పూరీ, బజ్జీ, బిర్యానీ రైడ్ అయ్యాక. ఎస్.కోటలో వేడివేడి మైసూర్ బజ్జీ ఊరించినా రెండు ఇడ్లీలతో బయటపడండి. పొద్దున నాలుగింటికి బయలుదేరే ముందు పెరుగన్నం నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. మీ పొట్టకి ఏది పడుతుందో ఆదివారం రైడ్‌లలో తేల్చుకోండి. రైడ్ రోజున కొత్తది ఏదీ ప్రయత్నించకండి.

నీళ్లు, ఉప్పు, ఎండ సంగతి?

దాహాన్ని బట్టి గుక్క గుక్కగా తాగుతూ ఉండండి. మన వాతావరణంలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు చాలామందికి సరిపోతుంది. ఎండలో ఇంకా ఎక్కువ కావచ్చు. చెమట ఆరాక జెర్సీ మీద తెల్లటి చారలు కనిపిస్తే మీ ఒంట్లోంచి ఉప్పు బాగా పోతోందని అర్థం. వట్టి మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. వాంతులు, తలనొప్పి, అయోమయం మొదలవుతాయి. అది ప్రాణం మీదకి తెచ్చే స్థితి.

ఓఆర్ఎస్ పొట్లం ఉప్పు కోసం మంచిది. కానీ లీటరులో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే, అది తాగాను కాబట్టి తిండి అక్కర్లేదనుకోకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. తాగి, పైన ఉప్పున్నది ఏదైనా తినాలి. ఉప్పేసిన పల్చటి మజ్జిగని మించినది నాకు దొరకలేదు.

ఎండకి ఒళ్లు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ గదిలో పనిచేస్తూ ఉదయం ఆరింటికే సాధన ముగించేవాళ్లు, చివరి మూడు వారాల్లో కొన్ని రైడ్‌లు తొమ్మిది పది గంటల దాకా పొడిగించండి.

దిగేటప్పుడు భయంగా ఉంటుంది.

ఉండాలి. ఎక్కేటప్పుడు పోయేది సమయం, దిగేటప్పుడు పోగలిగేది ప్రాణం. ఘాట్ మీద బస్సుకి మలుపులో రోడ్డంతా కావాలి. డ్రైవరు మీ లేన్‌లోకి వచ్చి తీరాలి, అతని తప్పేమీ లేదు. అవతల ఏముందో కనిపించని ప్రతి మలుపు వెనకా ఒక బస్సు ఉందనుకునే దిగండి. కొండదారిలో ఎక్కే బండికి దారివ్వాలన్నది మనకూ వర్తిస్తుంది.

బ్రేకు మలుపుకి ముందే, రెండు చేతులతోనూ వేయండి. నిరంతరంగా నొక్కి ఉంచితే రిమ్ బ్రేకుల సైకిల్‌లో రిమ్ములు వేడెక్కి ట్యూబు పేలిపోవచ్చు. గట్టిగా వేసి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ వేయాలి. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటే లివరు బాగా అందుతుంది. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు కాలు కిందికి. తడి ఆకులు, మలుపుల్లో చేరిన ఇసుక, ఆవులు, కోతులు ఇవన్నీ ఎదురవుతాయి. శీతాకాలంలో చెమట తడితో దిగితే చేతులు కొయ్యబారి బ్రేకు పట్టదు. శిఖరం దగ్గరే పల్చటి జాకెట్ వేసుకోండి. అది లేనప్పుడు టీ కొట్టులో పాత పేపరు అడిగి జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకున్నాను, బాగా పనిచేసింది.

శ్రీశైలం రూటులో రాత్రి తొక్కవచ్చా?

మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి వేళ అటవీశాఖ గేట్లు మూస్తారు. గేటు సమయాన్ని కూడా కంట్రోల్ సమయంలాగే మీ లెక్కలో వేసుకోండి. దోమలపెంట తర్వాత కృష్ణ దాకా దిగి, అవతల మళ్లీ శ్రీశైలానికి ఎక్కాలి. అడవిలో నీళ్లు దొరికే చోట్లు తక్కువ, మన్ననూరులోనే సీసాలు నింపుకోండి.

మిగతా రూట్లలో రాత్రి తొక్కడానికి సైకిల్ ముందూ వెనకా లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి. ముందు లైట్లు రెండు పెట్టుకోండి.

మోకాళ్ల నొప్పి వస్తే?

మోకాలి ముందు భాగంలో నొప్పి అయితే చాలాసార్లు సీటు తక్కువగా ఉండటమో, బరువైన గేరో కారణం. వెనక భాగంలో అయితే సీటు ఎక్కువ ఎత్తులో ఉండి ఉండొచ్చు. మార్పు రెండు మూడు మి.మీ. చొప్పునే చేయండి. నొప్పి మాత్ర మింగి తొక్కడం వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయి.

పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి వెళ్లాలని కల. ఘాట్ సాధన పనికొస్తుందా?

ఫ్రాన్స్‌లో 1891లో మొదలైన ఆ రైడ్ ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. గత రైడ్ 2023 ఆగస్టులో అయింది. దాదాపు 1,200 కి.మీ., ఎక్కువ మంది ఎంచుకునే గడువు 90 గంటలు. మన ఘాట్ లాంటి పెద్ద కొండ ఒక్కటీ లేదు. ఫ్రాన్స్ పడమటి ప్రాంతమైన బ్రిటనీలో దారి దాటే ఎత్తైన చోటు కూడా 400 మీటర్ల లోపే. అయినా మొత్తం ఎక్కేది దాదాపు 12,000 మీటర్లు. అంతా చిన్న చిన్న మిట్టలు, దిగీ దిగకముందే మళ్లీ ఎత్తు. దానికి తోడు రాత్రి చలి, నిద్రలేమి. అందుకని ఘాట్‌తో పాటు ఎత్తుపల్లాల రోడ్ల మీద 400, 600 తొక్కండి. తెలంగాణ పీఠభూమి దీనికి చక్కగా సరిపోతుంది. ప్రతి మిట్టకీ లేచి నిలబడి ఊపుగా ఎక్కే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి, మూడో రోజుకి ఆ కాళ్లు నిలవవు.

మధ్యలో ఆపేయాలని ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

కాళ్లు నొప్పి, విసుగు, నిద్రమత్తు, వీటికి ముందు కాస్త తిని, పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని చూడండి. చాలాసార్లు మనసు మారుతుంది. ఛాతీలో బిగుతు, ఆగినా తగ్గని ఆయాసం, ఎండలో చెమట ఆగిపోవడం, మాట తడబడటం, తాగినది తాగినట్టు వాంతి కావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే సైకిల్ దిగండి. నీడలో కూర్చుని పక్కవాళ్లకి చెప్పండి, ఆసుపత్రికి వెళ్లండి. దిగుడులో నిద్ర తూగుతున్నా అంతే, ఆగి పడుకోవాల్సిందే.

ఆపేస్తే ఆ సంగతి నిర్వాహకులకు తప్పకుండా ఫోన్ చేయండి. మీరు ఇంటికెళ్లి పడుకుంటే, అర్ధరాత్రి ఘాట్ మీద మీకోసం వెతికేవాళ్లు ఉంటారు. ఫోన్ సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి వెనక వచ్చే రైడరుతో కబురు పంపండి. జేబులో వెయ్యి రూపాయలు నగదు ఉంచుకోండి. అరకు నుంచి విశాఖకి బస్సుంది, రైలుంది. ఆటోవాళ్లు కూడా తాడుతో సైకిల్‌ని పైన కట్టి ఎస్.కోట దాకా దింపుతారు.